పాటకు తలుపు తెరిచారు, మనిషిని పరీక్షించలేదు

ఛార్లెస్ మ్యాన్సన్ పేరు మన సంఘాల్లోని పెద్దలకు అంతగా తెలియకపోవచ్చు. ఫోన్లో డాక్యుమెంటరీలు చూసే మన యౌవనస్థుల్లో చాలామందికి మాత్రం తెలుసు. 1969 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ నగరంలో అతని అనుచరులు రెండు రాత్రుల్లో ఏడుగురిని చంపారు. ఆ సంఘటన మీద అమెరికాలో సినిమాలు, పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. హత్యలకు 50 ఏళ్లు నిండిన 2019లో ‘మ్యాన్సన్: మ్యూజిక్ ఫ్రమ్ యాన్ అన్‌సౌండ్ మైండ్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. మ్యాన్సన్‌కు పేరున్న రాక్ సంగీతకారులతో ఉన్న సంబంధాలే దాని విషయం. 2025 మార్చిలో ఎరల్ మోరిస్ దర్శకత్వంలో ‘కేయాస్: ది మ్యాన్సన్ మర్డర్స్’ నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది.

హంతకుడి కథతో ఒక క్రైస్తవ పత్రికకు ఏం పని అని పాఠకులు అడగవచ్చు. మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఈ మనిషి బైబిలును చేతపట్టుకుని, ముఖ్యంగా ప్రకటన గ్రంథాన్ని అడ్డుపెట్టుకుని మనుషులను తన వెంట తిప్పుకున్నాడు. తానే క్రీస్తునని అనుచరులు నమ్మేలా చేశాడు. రెండవది, ఇలాంటి చిత్రం చూశాక “అదంతా రాక్ సంగీతం చేసిన పాపం” అని తేల్చేసే అలవాటు మనలో ఉంది. మూడవది అన్నిటికంటే ముఖ్యం. అతన్ని పెద్ద ఇళ్లలోకి, స్టూడియోల్లోకి తీసుకెళ్లినవారు దుర్మార్గులు కారు. ఒకరి మాట మీద ఒకరు నమ్మినవారు, అనుమానం వచ్చాక నోరు విప్పకుండా తప్పుకున్నవారు. ఈ రెండు పనులూ మన సంఘాల్లో జరగనివి కావు.

గిటారుతో జైలు నుండి

మ్యాన్సన్ 1934 నవంబరు 12న ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో పుట్టాడు. అప్పటికి తల్లి ఇంకా చిన్న వయసు పిల్ల. తండ్రి దగ్గర లేడు. అతనికి అయిదేళ్లు నిండకముందే తల్లి దోపిడీ కేసులో జైలుకు వెళ్లింది. పిల్లవాడు వెస్ట్ వర్జీనియాలో బంధువుల ఇంట పెరిగాడు. అమ్మమ్మ నిష్ఠగల నజరేన్ సంఘ విశ్వాసి. అంటే వాక్యం అతని చెవిన పడకుండా పోలేదు. ఆ తరువాత బాలుర వసతి గృహాలు, సంస్కరణ పాఠశాలలు, దొంగతనాలు, జైళ్లు. 1967 మార్చిలో లాస్ ఏంజెలిస్ దగ్గరి టెర్మినల్ ఐలాండ్ జైలు నుండి విడుదలయ్యేనాటికి అతని వయసు 32. అందులో సగానికి పైగా ఏదో ఒక నిర్బంధంలోనే గడిచింది.

జైల్లో అతను రెండు పనులు నేర్చుకున్నాడు. ఒకటి గిటారు. 1930లలో పేరుమోసిన దొంగల ముఠా నాయకుడు ఆల్విన్ కార్పిస్ అతనికి స్టీల్ గిటారు వాయించడం నేర్పాడు. రెండవది మనుషులను ఆకట్టుకునే నేర్పు. డేల్ కార్నెగీ పద్ధతిలో మాటకారితనం నేర్పే తరగతికి వెళ్లాడు. సైంటాలజీ బోధనలూ కొంత చదివాడు. బీటిల్స్ బృందం ప్రపంచాన్ని ఊపేస్తున్న ఆ రోజుల్లో, వాళ్లకంటే పెద్దవాణ్ణి అవుతానని తోటి ఖైదీలతో అనేవాడు.

విడుదలై శాన్ ఫ్రాన్సిస్కో చేరుకునేసరికి అక్కడ వేలాది యువతీయువకులు ఇళ్లు వదిలి వచ్చి వీధుల్లో ఉన్నారు. ఆ వేసవిని అమెరికా వాళ్లు ఇప్పటికీ ‘ప్రేమ వేసవి’ అంటారు. తల్లిదండ్రులతో గొడవపడి వచ్చినవారు, మత్తుమందులకు అలవాటుపడినవారు, తమను ఎవరూ పట్టించుకోలేదన్న బాధతో ఉన్నవారు అందులో ఎందరో. మ్యాన్సన్ ఏరుకున్నది అలాంటివారినే. మొదట చేరిన అమ్మాయి బర్క్‌లీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉద్యోగి. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. తమ గుంపును వాళ్లు ‘ఫ్యామిలీ’, అంటే కుటుంబం అని పిలుచుకున్నారు. ఇంట్లో ప్రేమ దొరకని పిల్లలకు ఆ మాట ఎంత తీయగా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

ఇక్కడ ఒక సంగతి మన కాపరులు గమనించాలి. ఒకప్పుడు పరిచర్య చేసిన ఒక మాజీ పాస్టరు కూతురు మ్యాన్సన్ వెంట పడింది. తిరిగి తెచ్చుకోవాలని తండ్రి కోపంగా వెళ్లాడు. చివరికి తానే మ్యాన్సన్ మాటలకు లొంగి అతని అభిమాని అయ్యాడు. బైబిలు తెలిసినంత మాత్రాన మోసపోమన్న హామీ లేదు.

డెన్నిస్ విల్సన్ ఇంట్లో

1968 నాటికి బీచ్ బాయ్స్ అమెరికాలో అందరూ ఎరిగిన పేరు. అన్నదమ్ములు ముగ్గురు, ఒక బంధువు, ఒక స్నేహితుడు కలిసి మొదలుపెట్టిన బృందం అది. డ్రమ్స్ వాయించే డెన్నిస్ విల్సన్ మధ్యవాడు, అప్పటికి 23 ఏళ్లు. డబ్బుంది, పేరుంది, మనశ్శాంతి లేదు. 1967 డిసెంబరులో పారిస్‌లో మహర్షి మహేశ్ యోగిని కలిసి ధ్యానం వైపు మొగ్గాడు. 1968 మేలో బీచ్ బాయ్స్ ఆయనతో కలిసి అమెరికాలో యాత్ర మొదలుపెట్టారు. టికెట్లు అమ్ముడుపోక అది మధ్యలోనే ఆగిపోయింది. ఇలా ఏదో ఒక గురువు కోసం వెతుకుతున్న మనసు అది.

ఆ రోజుల్లోనే డెన్నిస్ దారిలో లిఫ్ట్ అడిగిన ఇద్దరు అమ్మాయిలను కారులో ఎక్కించుకున్నాడు. ఇద్దరూ మ్యాన్సన్ గుంపువాళ్లే. కొద్ది రోజుల్లోనే మ్యాన్సన్, అతని అనుచరులు సన్‌సెట్ బులెవార్డ్‌లోని డెన్నిస్ ఇంట్లో దిగారు. నెలల తరబడి అక్కడే ఉన్నారు. తిండి, బట్టలు, వైద్యం అన్నీ డెన్నిస్ ఖర్చే. అతని ఖరీదైన కారును ధ్వంసం చేశారు. మొత్తం సుమారు లక్ష డాలర్లు ఆ గుంపు మీద పోయాయని తరువాత లెక్క తేలింది. డబ్బు మాత్రమే కాదు, అతను తన పేరునూ అప్పగించాడు. 1968 డిసెంబరులో లండన్ సంగీత పత్రిక ‘రికార్డ్ మిర్రర్’ అతని ఇంటర్వ్యూ ప్రచురించింది. 17 మంది అమ్మాయిలతో కలిసి ఉంటున్నానని చెప్పుకున్న మాటే దాని శీర్షిక. మ్యాన్సన్ గురించి అందులో మెచ్చుకోలుగానే మాట్లాడాడు.

ఆ ఇంట్లో నిజంగా ఏం జరుగుతోందో ఈనాటి చిత్రాలు స్పష్టంగానే చెబుతాయి. పైకి స్వేచ్ఛ, ప్రేమ, పాట. లోపల ఒక్క మనిషి ఆజ్ఞ. ఎవరు ఎవరితో ఉండాలో అతనే చెబుతాడు. ఎవరు ఏ మత్తుమందు ఎంత తీసుకోవాలో అతనే చెబుతాడు. వచ్చినవాళ్లు తమ దగ్గరున్నదంతా ఇచ్చేయాలి. కొందరికి కొత్త పేర్లు పెట్టాడు. కొందరు ఇంకా మైనర్లు. వచ్చిపోయే సంగీతకారులకు మాత్రం ఇదంతా ఆ కాలపు వింత జీవితంగానే కనిపించింది.

ఒకరి మాట మీద ఒకరు

డెన్నిస్ తన కొత్త స్నేహితుణ్ణి పరిశ్రమలో అందరికీ పరిచయం చేశాడు. పాటల రచయిత గ్రెగ్ జాకబ్‌సన్‌కు మ్యాన్సన్ మాటలు నచ్చాయి. బీచ్ బాయ్స్ బృందానికి ప్రాణమైన బ్రయన్ విల్సన్ ఇంట్లోని స్టూడియోలో మ్యాన్సన్ పాటలు రికార్డు చేశారు. కెనడా గాయకుడు నీల్ యంగ్ కూడా డెన్నిస్ ద్వారానే అతని పాట విన్నాడు. అప్పటికప్పుడు పాట కట్టే తీరు చూసి ఆశ్చర్యపోయి, రిప్రైజ్ రికార్డ్స్ పెద్ద మో ఆస్టిన్‌కు అతని గురించి చెప్పాడు. అక్కడ ఒప్పందం కుదరలేదు. డోరిస్ డే అనే ప్రసిద్ధ నటి కొడుకు టెరీ మెల్చర్ అప్పట్లో పేరున్న నిర్మాత. బర్డ్స్ బృందానికి విజయాలు తెచ్చిపెట్టినవాడు. మ్యాన్సన్ ఆశలన్నీ అతని మీద పెట్టుకున్నాడు.

ఈ వరుసను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వీరిలో ఎవరూ మ్యాన్సన్ గతాన్ని వెతికి చూసినట్టు కనిపించదు. ప్రతివాడూ తనకు ముందున్నవాడి పేరును చూశాడు. డెన్నిస్ ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి మంచివాడే అయి ఉంటాడు. నీల్ యంగ్ మెచ్చుకున్నాడు కాబట్టి వినాల్సిందే. అలా ఒకరి పేరు ఇంకొకరికి పూచీకత్తు అయింది. ఏడాదిన్నర క్రితం జైలు గేటు దాటిన మనిషి ఒక్క రికార్డు అమ్మకుండానే హాలీవుడ్ నడిబొడ్డున కూర్చున్నాడు.

1968 డిసెంబరులో బీచ్ బాయ్స్ ఒక పాట విడుదల చేశారు. దాని పేరు ‘నెవర్ లర్న్ నాట్ టు లవ్’. అసలు పాట మ్యాన్సన్‌ది. అతను పెట్టిన పేరు ‘సీజ్ టు ఎగ్జిస్ట్’, అంటే ఉనికే లేకుండా పొమ్మని. డెన్నిస్ ఆ మాటను మార్చాడు, బాణీని మార్చాడు, రచయితగా తన పేరొక్కటే వేసుకున్నాడు. ఆ పాట మరుసటి ఏడాది ‘20/20’ ఆల్బంలో కూడా వచ్చింది. పేరు వేయనందుకు కాదుగానీ మాటలు మార్చినందుకు మ్యాన్సన్ రగిలిపోయాడని, డెన్నిస్‌కు బెదిరింపుగా ఒక తూటా పంపాడని చెబుతారు.

ఆ పాట పేరును మరొక్కసారి చూడండి. ప్రేమ పాటలా వినిపించేదానిలో ఆ మనిషి అడుగుతున్నది ఏమిటి? ఎదుటివారు తామంటూ లేకుండా పోవాలని. అతని బోధ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన విశ్వాసంలోనూ తనను తాను ఉపేక్షించుకోవడం అన్న మాట ఉంది. అది ప్రభువు ఎదుట, ఇష్టపూర్వకంగా, పొరుగువాని మేలు కోసం. ఇంకో మనిషి కాళ్ల దగ్గర మన బుద్ధిని, మనస్సాక్షిని వదిలేయమని వాక్యం ఎక్కడా చెప్పలేదు. ఈ రెంటికీ ఉన్న తేడా మన పిల్లలకు చెప్పి తీరాలి.

మౌనంగా మూసుకున్న తలుపులు

1968 వేసవి చివరికి డెన్నిస్‌కు విసుగు, భయం రెండూ పట్టుకున్నాయి. ముఖాముఖి వెళ్లిపొమ్మనలేదు. అద్దె గడువు ముగిసేలోగా తానే వేరే చోటికి మారిపోయాడు. ఖాళీ చేయించే పని ఇతరులకు వదిలేశాడు. గుంపు నగర శివారులోని స్పాన్ రాంచ్‌కు చేరింది. ఒకప్పుడు కౌబాయ్ సినిమాలు తీసిన ఆ స్థలం యజమాని 80 ఏళ్ల వృద్ధుడు, చూపు దాదాపు లేదు.

1969 మేలో టెరీ మెల్చర్ పాటలు వినడానికి ఆ రాంచ్‌కు వెళ్లాడు. పిల్లలు ఆకలితో ఉన్నట్టు కనిపించారని 50 డాలర్లు ఇచ్చాడు. మరొకసారి కూడా వెళ్లి చూశాడు. ఒప్పందం మాత్రం చేసుకోలేదు. అంతటితో మ్యాన్సన్ సంగీత ఆశలు అడుగంటాయి.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. డెన్నిస్ తప్పుకున్నాడు. మెల్చర్ తప్పుకున్నాడు. రికార్డు కంపెనీ తప్పుకుంది. వారి వారి లెక్కల్లో అవి సరైన నిర్ణయాలే. కానీ ఆ గుంపులో ఉన్న అమ్మాయిల సంగతి? ఆకలితో ఉన్నారని చూసిన కళ్లు, వారి తల్లిదండ్రులు ఎక్కడున్నారని వెతకలేదు. తమ ఇంటి తలుపు మూసుకోవడం ఒకటి, పక్కింటివాణ్ణి హెచ్చరించడం ఇంకొకటి. మొదటిది చాలామంది చేశారు. రెండవది ఎవరైనా గట్టిగా చేసి ఉంటే చరిత్ర మారేదా అంటే మేము చెప్పలేం. చేయాల్సిన పని మాత్రం అదే.

ప్రకటన గ్రంథానికి పట్టిన గతి

1968 నవంబరులో బీటిల్స్ తెల్లని అట్టతో రెండు రికార్డుల ఆల్బం విడుదల చేశారు. అందులోని పాటల్లో చాలావాటిని వాళ్లు ఆ ఏడాది మన దేశంలోనే, రిషీకేశ్‌లోని ఆశ్రమంలో ఉన్నప్పుడు రాసుకున్నారు. ‘హెల్టర్ స్కెల్టర్’ అన్న పాట కూడా ఆ ఆల్బంలోదే. ఇంగ్లండు తిరునాళ్లలో పిల్లలు చుట్టూ తిరుగుతూ కిందికి జారే ఎత్తయిన జారుడుబండ పేరు అది. హోరెత్తే రాక్ పాట ఒకటి చేయాలన్నదే పాల్ మెకార్ట్నీ ఉద్దేశం.

మ్యాన్సన్ దాన్ని వేరేగా విన్నాడు. ప్రకటన గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలోని నలుగురు దూతలు బీటిల్స్ నలుగురేనన్నాడు. అక్కడ కనిపించే మిడతల పొడుగు జుట్టు వీళ్ల జుట్టేనన్నాడు. మైమరువులు వీళ్ల ఎలక్ట్రిక్ గిటార్లన్నాడు. అగాధం కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారిలో ఉందన్నాడు. అయిదవ దూత తానేనన్నాడు. ‘రెవల్యూషన్ 9’ అన్న పాట పేరు ఆ అధ్యాయానికే గుర్తు అన్నాడు. నల్లజాతివారికి, తెల్లవారికి మధ్య ఘోర యుద్ధం రాబోతోందని, దాని పేరే హెల్టర్ స్కెల్టర్ అని, అది ముగిసేదాకా తాము ఎడారి అగాధంలో దాక్కుని తరువాత బయటికి వచ్చి ఏలుతామని చెప్పాడు. అప్పటికి తమ సంఖ్య లక్షా నలభై నాలుగు వేలు అవుతుందన్నాడు. జాత్యహంకారానికి ప్రవచనం ముసుగు వేశాడు.

వింతేమిటంటే, అదే అధ్యాయపు చివరి వచనంలో నరహత్య పేరు ఉంది. మనుషులు మారుమనస్సు పొందక పట్టుకుని వేలాడిన పాపాల్లో అదొకటని యోహాను రాశాడు. జుట్టు, మైమరువులు, అగాధం గుర్తులు వెతికిన మనిషి ఆ వచనం దగ్గర కళ్లు మూసుకున్నాడు.

ఇలాంటి వ్యాఖ్యానం మనకు బొత్తిగా కొత్త కాదు. వార్తల్లోని ప్రతి యుద్ధానికీ, ప్రతి రోగానికీ, ప్రతి కొత్త యంత్రానికీ ప్రకటన గ్రంథంలో ఒక వచనం అతికించి చూపే ప్రసంగాలు మన చుట్టూ ఉన్నాయి. అవన్నీ హత్యలకు దారి తీస్తాయని మేము అనడం లేదు. కానీ ఆ పద్ధతిలో వాక్యానికి అర్థం వాక్యంలోంచి రాదు, చెప్పేవాడి నోట్లోంచి వస్తుంది. వినేవాడు అసలు అధ్యాయం తెరిచి చదవడం మానేసిన రోజున, ఆ నోరు ఏం చెప్పినా ప్రవచనమే అవుతుంది.

రెండు రాత్రులు

1969 జులై చివర గ్యారీ హిన్‌మన్ అనే సంగీత ఉపాధ్యాయుణ్ణి మ్యాన్సన్ మనుషులు చంపారు. ఆ గుంపుకు ఒకప్పుడు ఆశ్రయం ఇచ్చినవాడు అతను. అతన్ని పొడిచిన బాబీ బోసొలే కూడా గిటారు వాయించే యువకుడే.

ఆగస్టు 8 అర్ధరాత్రి దాటాక టెక్స్ వాట్సన్ మరో ముగ్గురు అమ్మాయిలతో సియెలో డ్రైవ్‌లోని 10050 నంబరు ఇంటికి వెళ్లాడు. అది ఒకప్పుడు టెరీ మెల్చర్ అద్దెకున్న ఇల్లు. అతను జనవరిలోనే ఖాళీ చేశాడు. మెల్చర్ అక్కడ లేడని మ్యాన్సన్‌కు తెలుసు కూడా. ఫిబ్రవరి నుండి అందులో ఉంటున్నది దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ, ఆయన భార్య నటి షారన్ టేట్. భర్త ఆ రాత్రి ఊళ్లో లేడు. షారన్ ఎనిమిదిన్నర నెలల గర్భవతి. ఆమెతోపాటు జే సెబ్రింగ్, అబిగెయిల్ ఫోల్జర్, వోయిచెక్ ఫ్రైకోవ్‌స్కీ, స్టీవెన్ పేరెంట్ చనిపోయారు. పేరెంట్ వయసు 18. ఆ ఆవరణలో పనిచేసే అబ్బాయికి ఒక గడియారం రేడియో అమ్మచూపడానికి వచ్చి వెళుతున్నాడు. మరుసటి రాత్రి లెనో లబియాంకా, రోజ్‌మెరీ లబియాంకా అనే దంపతులను వారి ఇంట్లోనే చంపారు. ఆ ఇంటి ఫ్రిజ్ మీద రక్తంతో రాసింది ఆ జారుడుబండ పేరే, అక్షర దోషంతో సహా.

ఆగస్టు 16న పోలీసులు కార్ల దొంగతనం కేసులో స్పాన్ రాంచ్ మీద దాడి చేసి అందరినీ పట్టుకున్నారు. వారెంటు మీద తేదీ సరిగా లేదని వదిలేశారు. ఆ నెలలోనే రాంచ్‌లో పనిచేసే డొనాల్డ్ షే కూడా హతుడయ్యాడు. అక్టోబరు 12న డెత్ వ్యాలీలోని బార్కర్ రాంచ్‌లో, సింకు కింది చిన్న అరలో ముడుచుకుని దాక్కున్న మ్యాన్సన్ దొరికాడు. 1971 జనవరి 25న జ్యూరీ అతన్ని, ముగ్గురు అమ్మాయిలను దోషులుగా తేల్చింది. వాట్సన్‌కు విడిగా విచారణ జరిగింది. మరణశిక్షలు పడ్డాయి. 1972లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మరణశిక్షను కొట్టివేయడంతో అవి యావజ్జీవ శిక్షలయ్యాయి. మ్యాన్సన్ 2017 నవంబరు 19న 83 ఏళ్ల వయసులో ఖైదీగానే చనిపోయాడు.

ఎందుకు చేశాడు?

ఈ ప్రశ్న దగ్గరే డాక్యుమెంటరీలు విభేదిస్తాయి. ప్రాసిక్యూటర్ విన్సెంట్ బుగ్లియోసి కోర్టులో, తరువాత 1974లో రాసిన పుస్తకంలో, జాతి యుద్ధం రగిలించడమే మ్యాన్సన్ ఉద్దేశమని వాదించాడు. పాత్రికేయుడు టామ్ ఓనీల్ 1999లో ఒక పత్రిక వ్యాసం కోసం పని మొదలుపెట్టి 20 ఏళ్లు తవ్వి, ఆ వాదనలో ఎన్నో ఖాళీలు ఉన్నాయన్నాడు. మెల్చర్‌కు మ్యాన్సన్‌తో ఉన్న పరిచయం కోర్టులో చెప్పినదానికంటే ఎక్కువేమోనని అనుమానించాడు. ప్రభుత్వ రహస్య ప్రయోగాల వైపు కూడా వేలు చూపాడు. నిరూపించానని మాత్రం అనలేదు. ఎరల్ మోరిస్ చిత్రం ఆ అనుమానాలను వింటుంది, పూర్తిగా ఒప్పుకోదు. సంగీతం మీద తీసిన చిత్రాలేమో, తిరస్కరించిన పరిశ్రమ మీద కక్షను ముందుకు తెస్తాయి.

మా దృష్టిలో ఈ కారణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. పేరు కోసం ఆకలి ఉన్న మనిషి పేరు దక్కనప్పుడు పగపట్టాడు. ఆ పగకు ప్రవచనం బట్టలు తొడిగాడు. తన చేతికి ఎక్కువ రక్తం అంటకుండా పిల్లల చేతులు వాడుకున్నాడు. రహస్య సంస్థల కథలు వినడానికి బాగుంటాయి. వాటిలో పడితే మన కళ్ల ముందున్న మామూలు సంగతిని మరచిపోతాం. ఇంట్లో ఎవరూ మాట్లాడని అమ్మాయితో ఒక అపరిచితుడు ప్రేమగా మాట్లాడాడు. అక్కడే అంతా మొదలైంది.

తప్పు సంగీతానిదా?

కాదు. అదే ఆల్బాన్ని లక్షలమంది విని పడుకుని నిద్రపోయారు. అదే గిటారు మన ఆరాధనల్లోనూ ఉంది. మ్యాన్సన్ బీటిల్స్ పాటను వాడుకున్నట్టే ప్రకటన గ్రంథాన్నీ వాడుకున్నాడు. పాటను నిషేధించాలంటే అదే తర్కంతో గ్రంథాన్నీ మూయాలి. సంగీతకారుల మీద నేరం మోపడమూ న్యాయం కాదు. హత్యలు చేసింది వాళ్లు కాదు. భయంతో, సిగ్గుతో ఆ తరువాతి జీవితమంతా గడిపినవారు వాళ్లలో ఉన్నారు. డెన్నిస్ ఆ విషయం మాట్లాడటానికే ఇష్టపడలేదు. 1983 డిసెంబరు 28న మెరీనా డెల్ రే దగ్గర నీటిలో మునిగి 39 ఏళ్లకే చనిపోయాడు.

సంగీత లోకం తరువాత చేసిన ఒక పనిని మాత్రం ప్రశ్నించాలి. అది హంతకుణ్ణి ఒక బొమ్మగా చేసుకుంది. అతని ముఖం చొక్కాల మీదికి ఎక్కింది, అతని పేరు వేదిక పేరైంది. 1993లో గన్స్ అండ్ రోజెస్ బృందం అతని పాటను తమ ఆల్బంలో పాడింది. రాయల్టీ హతుల్లో ఒకరి కుటుంబానికి చేరేలా న్యాయస్థానపు తీర్పు ఉండటం ఒక్కటే ఊరట. హత్యలు జరిగిన ఇంటినే స్టూడియో చేసుకుని నైన్ ఇంచ్ నెయిల్స్ గాయకుడు ట్రెంట్ రెజ్నర్ రికార్డు చేశాడు. షారన్ చెల్లెలు ఎదురై తన అక్క చావును వాడుకుంటున్నావా అని అడిగింది. అప్పటిదాకా దాన్ని ఒక కుటుంబం పోగొట్టుకున్న ప్రాణంగా ఆలోచించనే లేదని, ఆ మాటతో కదిలిపోయానని అతనే తరువాత చెప్పాడు. ఈ చిత్రాలు చూసే మన పిల్లలను కూడా అదే అడగాలి. హంతకుడి పేరు గుర్తుంది. గడియారం రేడియో అమ్మడానికి వచ్చిన 18 ఏళ్ల అబ్బాయి పేరు గుర్తుందా?

క్షమాపణ, న్యాయం

ఈ కథలో క్రైస్తవులకు కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. సూజన్ అట్కిన్స్, టెక్స్ వాట్సన్ ఇద్దరూ జైల్లో క్రీస్తును నమ్ముకున్నామని సాక్ష్యం చెప్పారు. వాట్సన్ జైల్లోనే పరిచర్య చేశాడు. లబియాంకా కుటుంబంలోని ఒకరు విశ్వాసిగా అతన్ని క్షమించి 1990లో అతని విడుదల కోరుతూ బోర్డు ముందు మాట్లాడారు. అదే విచారణలో షారన్ తల్లి డోరిస్ టేట్ గట్టిగా వ్యతిరేకించింది. కూతురు పోయాక ఏళ్ల తరబడి మౌనంగా ఉండి, తరువాత బాధితుల హక్కుల కోసం లక్షల సంతకాలు సేకరించి పోరాడిన తల్లి ఆమె. వాట్సన్‌కు పెరోల్ దొరకలేదు. అట్కిన్స్ 2009లో ఖైదీగానే చనిపోయింది.

ఎవరి పక్షాన నిలవాలని మన సంఘంలో అడిగితే చాలామంది వెంటనే క్షమాపణ అంటారు. తొందరపడవద్దు. సిలువ మీద మారుమనస్సు పొందిన దొంగకు పరదైసు దొరికింది. సిలువ మీద నుండి దించలేదు. అతను కూడా తన శిక్ష న్యాయమేనని ఒప్పుకున్నాడు. దేవుని క్షమాపణ న్యాయస్థానపు కాగితాన్ని చింపదు. కూతురిని పోగొట్టుకున్న తల్లిని “ఇంకా క్షమించలేదా” అని నిలదీసే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు.

మన సంఘాలు చూసుకోవలసినవి

కొత్తగా ఎవరైనా బోధకుడు, గాయకుడు, ప్రవక్తనని చెప్పుకునేవాడు వచ్చినప్పుడు, ఎంత పెద్ద పేరున్నవారు సిఫారసు చేసినా, సంఘ పెద్దలు నేరుగా అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంతకు ముందు ఎక్కడ ఉన్నాడు? అక్కడి నుండి ఎందుకు వచ్చాడు? డబ్బు లెక్క ఎవరికి చూపిస్తాడు? అతన్ని తప్పు అని చెప్పగల మనిషి ఒక్కరైనా ఉన్నారా? అతని దగ్గరికి వెళ్లిన పిల్లలు ఇంటివాళ్లతో మునుపటికంటే దగ్గరవుతున్నారా, దూరమవుతున్నారా? వాక్యం చదవమంటాడా, తన మాట వినమంటాడా? అమ్మాయిలు, పిల్లలు ఒంటరిగా అతని దగ్గర ఉండవలసిన పరిస్థితి ఉందా? చెట్టును పండ్లను బట్టి తెలుసుకోవాలని ప్రభువు నేర్పాడు. పండు పండేదాకా ఆగే ఓపిక మనకు ఉండాలి.

తేడా కనిపించినప్పుడు గుట్టుగా పంపించేయడం మన దగ్గర మామూలైపోయింది. “సంఘం పేరు పోతుంది, సాక్ష్యం చెడుతుంది” అంటూ నాలుగు గోడల మధ్య తేల్చేస్తాం. ఆ మనిషి సంచి సర్దుకుని పక్క ఊరికి వెళతాడు. అక్కడి సంఘం మన పేరు చూసి నమ్ముతుంది. హాలీవుడ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. పిల్లల మీద, స్త్రీల మీద నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాలి. అది ద్రోహం కాదు, కాపరి పని. పక్క ఊరి కాపరికి ఫోను చేసి ఉన్నమాట చెప్పాలి. అది కొండెం కాదు, ప్రేమ.

ఇక తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆ అమ్మాయిల్లో చాలామంది మామూలు ఇళ్లలో పుట్టినవారే. గుడికి వెళ్లినవారు, గాయక బృందాల్లో పాడినవారు వారిలో ఉన్నారు. ఈ డాక్యుమెంటరీని మీ ఇంట్లో పిల్లలు చూస్తున్నారని తెలిస్తే ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని చూడండి. అయిపోయాక, అందులో మీకు ఎవరి మీద జాలి కలిగిందని అడగండి. వాళ్లు చెప్పింది చివరిదాకా వినండి. మన ఇంట్లో మాట వినేవారు ఉన్నారని తెలిసిన పిల్లలు, దారిలో ఎవడో ‘కుటుంబం’ అన్నంత మాత్రాన వెంట పోరు.